రొయ్యలకు మొదటి బిందె

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మా అక్క నోరు విప్పి మాట్లాడిన మొదటి మాట రొయ్యల గురించి. చెబితే ఎవరూ నమ్మరు. మా పామిడిలో సగంమంది రొయ్యను టీవీలోనే చూసి ఉంటారు.

అక్క తొలికాన్పుకని పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెల నిండకుండానే కడుపులో కదలిక ఆగిపోయిందని అనంతపురం తీసుకెళ్లాం. ఆడపిల్ల. ఏడవలేదు. మా ఇళ్లల్లో అలాంటి బిడ్డను తల్లికి చూపించరు, చూస్తే మరవలేదంటారు. నాయన, బావ తువాలులో చుట్టుకొచ్చి పెన్న ఒడ్డున పూడ్చి వచ్చారు. ఎక్కడ పెట్టారో ఆడవాళ్లు అడగకూడదు. మేమూ అడగలేదు. ఆసుపత్రి మంచం మీద అక్క ఒకటే అంది, "నేను అన్నీ బాగనే తింటి గదే" అని. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. అంతే, ఇక మాట లేదు.

ఒక పొద్దున నేను తల దువ్వుతుంటే ఉన్నట్టుండి అంది. "డాక్టరమ్మ గది బయట గాజుతొట్టి ఉండె, చూసినావా? నిండా పచ్చగా చెట్లు. దాంట్లో ఒక రొయ్య కడుపు కింద గుడ్లు మోసుకోని తిరుగుతాండె. అవి పిల్లలైనాయో లేదో."

"అట్లాంటిది మనింట్లోనే పెడదాం లేక్కా" అనేశాను. నేనంతే, ముందు అనేస్తాను, తర్వాత ఎట్లా అని చూస్తాను. పదో తరగతితో చదువు ఆపి నైటీలు కుట్టే షెడ్డుకు పోతున్నాను. నాకు రొయ్యల సంగతి ఏం తెలుసు? అయినా ఆ మాటకు అక్క నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు పోకూడదు, అదొక్కటే నాకు కావాల్సింది.

తొట్టి కష్టం కాలేదు. షెడ్డు యజమాని ఇంట్లో చేపలు చచ్చిపోయి మూలన పడేసింది అడిగి తెచ్చుకున్నాను. చెట్ల కోసం ఆదివారం బస్సెక్కి అనంతపురంలో చేపలమ్మే అంగడికి పోయాను.

"నీళ్లలో బతికే చెట్లు కావాలన్నా. చిన్న రొయ్యలు గూడా."

అంగడాయన నవ్వాడు. "రొయ్యలా? కూర అంగడి ఆపక్క ఉండాది పాపా."

"తినేకి కాదన్నా, పెంచేకి."

"ఇట్లాంటివి బెంగుళూరు నుంచి రావల్ల. ఈ ఎండకు దావలోనే ఉడికిపోతాయి. ప్లాస్టిక్ చెట్లు తీసుకోని పో, అవైతే చావవు."

వట్టి చేతులతో తిరిగొచ్చాను. బస్సు పెన్న వంతెన మీదికి వచ్చినప్పుడు కిందికి చూస్తే, ఎండిన ఇసుక మధ్యలో ఒక నీటిగుంట, దాంట్లో పచ్చగా ఏదో ఊగుతోంది. స్టాపులో దిగి వెనక్కి నడిచాను. రిబ్బను ముక్కల్లాగా పొడుగాటి గడ్డి, నక్కతోకలా గుబురుగా ఉన్న నాచు. చున్నీలో మూటగట్టుకున్నాను. ఆ గుంటలోనే ఇద్దరు వల వేసి చిన్న చేపలు పడుతున్నారు. వలలో గాజుముక్కల్లా ఎగిరేవాటిని ఏరి పక్కకు పారేస్తున్నారు. దగ్గరికి పోయి చూస్తే రొయ్యలు! గోరంత పొడుగు, లోపలి పేగు కూడా కనబడేంత తేట.

"ఇవి నాకిస్తారా అన్నా?"

"ఏం చేస్తావమ్మా, పంటి సందులోకి గూడా రావు ఇవి."

"మా అక్కకు."

ఒకాయన నీళ్ల బాటిల్లోకి పట్టి పోసి ఇచ్చాడు.

ఇక మిగిలింది నీళ్లు. మా ఊరిలో దేనికైనా చివరికి ఇదే. మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, బకెట్లో ఒక రాత్రి ఉంటే అంచుకు తెల్లగా సున్నం పేరుకుంటుంది. వాటిలో వేసిన చెట్లు నాలుగు రోజులకే తెల్లబారి నలిగిపోయాయి. అమ్మ, "పాపం నోరులేని జీవాలు, మనం తాగే నీళ్లే పోయ్‌" అని క్యాను నీళ్లు ఇచ్చింది. అంతకంటే మంచి నీళ్లు మా ఇంట్లో లేవు మరి. వాటిలో రొయ్యలు ఒక్కొక్కటే తిరగబడి చచ్చిపోయాయి. ఫోనులో వీడియోలు చూస్తే తెలిసింది, ఫిల్టరులో సారమంతా పోయిన నీళ్లలో రొయ్యకు చిప్ప గట్టిపడదట. కుళాయి నీళ్లలో బ్లీచింగు వేస్తారు, అవి అసలే పనికిరావు. ఇదంతా వెనక వసారాలోనే పెట్టుకున్నాను, అక్క కంట పడకుండా.

నాయన ఒక సాయంత్రం నన్ను చూసి నవ్వాడు. "ఏమ్మే, యూనివర్సిటీలో చదువుతాండావా ఏమి? నీళ్లను అట్ల పరీక్ష చేస్తాండావు?"

"యేటి రొయ్యకు యేటి నీళ్లే కావాలేమో నాయనా."

"దానికి ఇంత బాధెందుకు, చెలమ తవ్వితే సరిపోయె."

మా చిన్నప్పుడు ఎండాకాలంలో అందరూ అట్లాగే తాగేవారు. ఏటి ఇసుకలో మోచేతి లోతు గుంట తవ్వితే నీళ్లు ఊరతాయి. మొదట ఊరిన మురికి తోడి పారబోసి కాసేపు ఆగితే, ఇసుకే వడగట్టిన తేట నీళ్లు. నాయన నాతో వచ్చి తవ్వి ఇచ్చాడు. నేను కొంచెం ఎగువకు, కంపచెట్టు నీడన తవ్వుదామంటే, "ఆ దిక్కు వద్దు" అన్నాడు. ఎందుకని అడిగేలోపే దిగువకు నడిచాడు.

గుంటలోంచి మళ్లీ గడ్డి, రొయ్యలు తెచ్చి వేస్తే, చెలమ నీళ్లలో రొయ్యలు బతికాయి. చెట్లు వేరు పట్టాయి. అప్పుడు తొట్టిని అక్క మంచం పక్కకు తెచ్చాను. రెండు మూడు రోజులకు ఆమె పక్కకు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. తర్వాత కూర్చుంది. తర్వాత అన్నం తట్ట తొట్టి ముందర పెట్టుకొని తినసాగింది.

ఒకరోజు ఏడుస్తూ పిలిచింది. "మే, ఒకటి సచ్చిపోయిందే."

చూస్తే అడుగున పల్చటి తెల్లటి తొడుగు. "చిప్ప విడిచిందక్కా అది. పెద్దదైతాంది గదా, పాత చొక్కా పట్టక ఇప్పేసింది. అదిగో, గడ్డి ఎనక దాక్కోని ఉండాది సిగ్గుతో."

అక్క కళ్లు తుడుచుకొని నవ్వబోయింది. ఆ వారమే ఆ రొయ్య కడుపు కింద ఆవగింజల కంటే చిన్న గుడ్లు కనబడ్డాయి. కాళ్లతో వాటికి విసురుతూనే ఉంటుంది, ఊపిరాడాలని. అక్క దాన్నే చూసేది. "ఇది నిద్రేపోదేమే?" అనేది. బావకు ఫోనులో తనే చెప్పింది, "గుడ్లు పిల్లలు కానీ, చూసి వస్తా" అని. అమ్మ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుంది.

మా వీధికి కుళాయి నీళ్లు రోజూ రావు. వచ్చిన రోజు ఇంట్లో పండగే. ఉన్న పాతనీళ్లన్నీ చెట్లకు పోసి, బిందెలు, తొట్లు చింతపండుతో తోమి, కొత్తనీళ్లు పడతాం. మొదటి బిందె దేవుని గూటికి. నేను షెడ్డులో ఉండగా ఆ రోజు నీళ్లు వచ్చాయి. ఇంటికొచ్చేసరికి గడపలోనే అక్క ఎదురైంది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, జుట్టు ముడేసి, చేతులనిండా తడి. అన్ని నెలల తర్వాత మా అక్క మొహం మా అక్క మొహంలా ఉంది.

"రా, సూడు! అమ్మతో పాటు నేనూ పట్టినా నీళ్లు. రొయ్యలకు పాచినీళ్లు తీసేసి మొదటి బిందె వాటికే పోసినా. దేవుడు ఏమనుకుంటాడో అనుకోనీ. ఎంత సంబరమో వాటికి, ఎట్లా ఎగురుతాండాయో సూడు!"

తొట్టి తళతళలాడుతోంది. బ్లీచింగు వాసన గదంతా. రొయ్యలు గాజుకు కొట్టుకుంటూ ఎగురుతున్నాయి. పెరట్లో కడవలో దాచిన చెలమ నీళ్ల కోసం పరుగెత్తాను. కడవ శుభ్రంగా తోమి బోర్లించి ఉంది. కరివేపాకు చెట్టు మొదలు తడిగా ఉంది.

బిందె తీసుకొని ఏటికి పరుగెత్తాను. చెలమలో నీళ్లు ఊరేదాకా ఆగాలి కదా. గబగబా తోడితే ఇసుకే వస్తుంది. ఆ ఊట అంత నిదానమని నాకు ఆ రోజే తెలిసింది.

తిరిగొచ్చేసరికి ఎగరడం ఆగిపోయింది. అక్క నేలమీద కూర్చొని ఉంది. అరచేతిలో ఆ గుడ్ల రొయ్య, తేట పోయి గులాబీ రంగుకు తిరిగింది.

"ఇది చిప్ప కాదు గదా?" అంది.

అబద్ధం నోటిదాకా వచ్చింది. "కాదక్కా."

"నేను మంచి నీళ్లే పోస్తిని గదే."

అమ్మ వచ్చి, "నీ తప్పు ఏముండాది తల్లీ" అంటూ చేయి పట్టుకోబోయింది. అక్క పిడికిలి మూసుకుంది. లేచి, అరుగు మీద కూర్చున్న నాయన ముందు నిలబడింది.

"నాయనా, నా బిడ్డను యాడ పెట్టినావు?"

నాయన తల ఎత్తలేదు. "అడగరాదమ్మా."

"చూపీ."

నాయన చెప్పులు వేసుకోకుండానే ముందు నడిచాడు. ఇంకా వెలుతురు ఉంది. నేను తెచ్చిన నీళ్లు అరుగు పక్కనే ఒంపేసి, ఎందుకో ఖాళీ బిందె కూడా పట్టుకొని వెనకాల పోయాను. కంపచెట్టు దగ్గర ఆగి, ముళ్ల రెమ్మలు పేర్చిన చోటును చేత్తో చూపించి, నాయన అవతలికి తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. అక్క ఆ రెమ్మలు పక్కకు జరిపి, ఆ పక్కనే వేళ్లతో చిన్న గుంట తీసి, రొయ్యను పెట్టి ఇసుక కప్పింది. తర్వాత బోర్లా పడి ఇసుకను రెండు చేతులా కౌగిలించుకొని ఏడ్చింది. ఆసుపత్రిలో కూడా రాని ఏడుపు. నేను ఆపలేదు. నాయనా ఆపలేదు.

చీకటి పడుతుండగా ఇల్లు చేరాం. ఏటికి పోయి ఖాళీ బిందెతో వస్తే మా అమ్మ ఊరుకునే మనిషి కాదు. ఆ రోజు మాత్రం నా చేతిలో బిందె తీసుకొని బోర్లించి పెట్టింది.