బీరు పిప్పి ఆఫరు, మునియమ్మ పాలు

హోసూరు దగ్గర కొత్తగా పెట్టిన చిన్న బీరు ఫ్యాక్టరీలో, బీరు తీశాక మిగిలే బార్లీ పిప్పి రెండు మూటలు కొంటే ఒకటి ఉచితమట. అది విని మా అత్త నిన్న, మా మారండహళ్ళి నుంచి వెళ్ళి హోసూరులో కూరగాయలు దించి తిరిగొచ్చే వ్యానులో మూడు మూటలు తెప్పించింది. మా రెండు ఆవులూ తొట్టి నాకి మరీ తిన్నాయి.

ఈ ఉదయం పాలకు వచ్చిన పక్కింటి మునియమ్మ ఆ వాసనకు వాకిట్లోనే ఆగిపోయింది.

"వట్టి పిప్పే మునియమ్మా, మత్తేం లేదు దీంట్లో," అంటూ అత్త గుప్పెడు నోట్లో వేసుకుని నమిలి చూపించింది.

మునియమ్మ నవ్వలేదు. "తెలుసక్కా. మా ఆయన పోయేదాకా మా ఇంట్లో ఇదే వాసన గదా. నా మనవరాలికి ఈ పాలు వద్దు," అని ఖాళీ చెంబుతో వెళ్ళిపోయింది.

 సాయంత్రం నేను మేత కలుపుతుంటే అత్త వచ్చి, "ఎర్రావుకు పిప్పి వద్దు, చెనిక్కాయ చెక్కే పెట్టు. రేపట్నుంచి దాని పాలే మునియమ్మకు," అంది. ఆ సంగతి తానే వెళ్ళి చెప్పి వచ్చింది. మునియమ్మ సరేనందట.

ఎర్రావు మాత్రం పక్క తొట్టి వైపు మెడ చాచి, నా మీద అలిగి నిలబడింది. దానికి ఎలా నచ్చజెప్పాలో తెలిసినవాళ్ళు చెప్పండి.