లివర్ దొరకడం లేదు

మా అమ్మాయి బండి మీంచి పడిన రోజు నేను అన్నం తింటున్నాను. ఫోన్ తనే చేసింది. "నాయినా, నాకేం కాలే. బండికే జర దెబ్బ తాకింది" అంది. "నాకేం కాలే" అని మొదలయ్యే ఫోను ఏ తండ్రికీ రాకూడదు. పక్కింటివాళ్ల స్కూటరు అడిగి తీసుకుని కరణ్‌కోట దారిలో ఆమె చెప్పిన చోటికి చేరేసరికి నా వేళ్ల మీద పప్పు ఎండిపోయి ఉంది. చెయ్యి కడుక్కోవడమే మరిచిపోయాను.

చూస్తే పెద్ద ప్రమాదమేం కాదు. నాపరాళ్లు పాలిష్ పట్టే షెడ్ల నుంచి తెల్లటి బురద రోడ్డు మీదికి పారుతుంది. దాని మీద చక్రం జారింది. ఆమె అరచెయ్యి గీసుకుపోయింది. హ్యాండిల్ దగ్గర వేళ్లతో లాగే రెండు కడ్డీలను మా వైపు అందరూ లివర్లంటారు. వాటిలో క్లచ్‌ది వంగింది, బ్రేక్‌ది సగానికి విరిగింది. ఎట్ల పడ్డావని అడిగితే, "బ్రేక్ అందలే నాయినా. వేళ్లు పోయేసరికే జారింది" అంది.

ఆ మాట నా మనసులోంచి పోలేదు. బండి నాది, నా చేతులకు సరిపోయేది. అమ్మాయివి వాళ్ల అమ్మ చేతులు, వేళ్లు పొట్టి. పూర్తిగా చాచినా చివరి కణుపులే లివర్‌ని తాకుతాయి. ఇన్నాళ్లూ ఊళ్లో తిరిగింది కాబట్టి నేనది పట్టించుకోలేదు. ఇప్పుడు ఆమెకు వికారాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. డ్యూటీ వేళలకు రైళ్లు కుదరవు. ఇక మీదట తాండూరు నుంచి రోజూ బండి మీదే పోవాలి, రావాలి. మధ్యలో అనంతగిరి గుట్ట ఎక్కి దిగాలి.

ఆ దారిలో నేను చాలా ఏళ్లు రాళ్ల లారీ నడిపాను. లారీ సీట్లోంచి చూస్తే బైకు ఎలా కనిపిస్తుందో నాకు తెలుసు. అద్దంలో ఒక క్షణం ఉంటుంది, మరుక్షణం ఉండదు. అది దాటిపోయిందో, కింద పడిందో డ్రైవర్‌కి వెంటనే తెలియదు. ఆ తెలియని క్షణంలో నేను ఎన్నిసార్లు ఊపిరి బిగబట్టానో లెక్క లేదు. ఇప్పుడు ఆ అద్దంలో కనిపించి మాయమయ్యే బైకు మీద నా బిడ్డ ఉంటుంది. ఉద్యోగం వద్దనడానికి మాత్రం నోరు రాలేదు. ఎంత కష్టపడి చదివిందో చూసినవాణ్ణి. అందుకని లివర్ల వెంట పడ్డాను.

ముందు కంపెనీ లివర్లు చూశాం. గట్టివే, కానీ పాతవి ఎంత దూరంలో ఉన్నాయో ఇవీ అంతే దూరం. వేళ్లు అందని లివర్ గట్టిగా ఉంటే ఎంత, లేకపోతే ఎంత. తర్వాత ఫోనులో ఎర్రవీ, నీలంవీ చూశాను. ఒకటి మరీ చవగ్గా ఉంది. కొన్నవాళ్లంతా సూపర్ అని రాశారు, ఒకతను మాత్రం ఏమీ రాయకుండా రెండు ముక్కలైన లివర్ ఫొటో పెట్టాడు. మిగతావాళ్ల మెచ్చుకోళ్లన్నీ పోయి ఆ ఫొటో ఒక్కటే నా కళ్లలో మిగిలింది. నాలాంటివాడు ఆన్‌లైన్‌లో ఏదీ కొనలేడు.

చివరికి తాండూరు బజారులో బండి సామాన్లు అమ్మే ఒక భాయ్ దుకాణానికి పోయాం. అతను ముందు ఒక జత తీసి గాజు బల్ల మీద పెట్టాడు. తళతళ మెరుస్తోంది. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు.

"గిది ఒరిజినల్ లెక్కనే ఉంటదన్నా" అన్నాడు భాయ్.

"లెక్కనే అంటే ఒరిజినల్ కాదన్నట్టే గద."

"దునియల ఒరిజినల్ ఏమున్నదన్నా ఇప్పుడు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బోల్టు అడిగి దాని రంధ్రంలో దూర్చి చూశాను. రంధ్రం పెద్దది, బోల్టు చిన్నది. లివర్ కిందికీ మీదికీ టకటకా ఊగింది. లారీ స్టీరింగ్‌లో అంత లూజు ఉంటే నేను ఇంటి ముందు నుంచి బండి కదిలించేవాణ్ణి కాదు. అవతల పెట్టమన్నాను.

అప్పుడు నల్లటి జత ఒకటి తీశాడు. పొట్టిగా ఉన్నాయి. మొదట్లో చిన్న చక్రం ఉంది, దాన్ని తిప్పితే లివర్ హ్యాండిల్‌కి దగ్గరగా జరుగుతుంది. కొసన గుండు ఉంది, పడినా మనిషికి గుచ్చుకోదు. పేరు ఎప్పుడూ వినని కంపెనీ, అయినా ధర మాకు అందేదే. బోల్టు వేస్తే ఊగలేదు. భాయ్ బ్రేక్ వైపుది బండికి తగిలించాడు. అమ్మాయి బండి మీద కూచుని కళ్లు మూసుకుంది. చెయ్యి తొడ మీంచి తీసి హ్యాండిల్ మీద పెట్టి వేళ్లు చాచింది. వేళ్లు పోయి సరిగ్గా లివర్ మీద పడ్డాయి. మళ్లీ తీసింది, మళ్లీ పెట్టింది.

"గిది చాలు నాయినా" అంది.

నాకు చాలలేదు. లాగాను, వంచాను, గోటితో గీకాను, ఎండలో పెట్టి పగుళ్లేమైనా ఉన్నాయేమోనని చూశాను. భాయ్ కాసేపు ఓపిక పట్టి, "అన్నా, లివర్ కొంటున్నవా, అల్లుణ్ణి చూస్తున్నవా?" అన్నాడు. అమ్మాయి పక్కకు తిరిగి నవ్వుకుంది. ఆ జతలో క్లచ్ లివర్ మాత్రం మా బండికి పట్టలేదు, సరిపోయేది అతని దగ్గర లేదు. హైదరాబాద్ నుంచి తెప్పిస్తానన్నాడు.

ఆ సాయంత్రం మా ఇంటావిడ కుల్కచర్లలో ఉన్న వాళ్ల అక్కకు ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. "ఏం జెప్పాలె అక్కా, బిడ్డది లివర్ ఖరాబైంది. మార్పియ్యాలె. తాండూర్ల దొరుకుతలేదు, హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలెనంట" అంది. అంతలో పొయ్యి మీద పాలు పొంగాయి, ఫోన్ పెట్టేసింది. నా చెవికి ఆ మాటల్లో తప్పేమీ వినపడలేదు. మా ఇంట్లో వారం నుంచీ లివర్ అంటే ఒకటే లివర్.

మరునాడు పొద్దున మొదటి బస్సుకే కుల్కచర్ల వదిన దిగింది. చేతి సంచిలో పచ్చకామెర్లకు ఇచ్చే నేల ఉసిరి కట్ట, తనకు గురి ఉన్న దర్గాలో ఎప్పుడో కట్టించి దాచుకున్న రాగి తాయెత్తు. లోపలికి వచ్చేసరికి మా అమ్మాయి పూరీలు తింటోంది.

"ఏమే, లివర్ పాడైందంటిరి, నూనెల కాల్చినయి తింటున్నవా?"

అమ్మాయికి పొలమారింది. విషయం చెప్పేసరికి ఇల్లంతా నవ్వు. వదిన నవ్వలేదు. అరుగు మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. దారి పొడుగునా ఏమేం అనుకుంటూ వచ్చిందో, ఎవరి కడుపు కోసి ఎవరికి పెట్టాలనుకుందో. ఆ ఇంట్లో ఆమె భయం అర్థమైంది నాకొక్కడికే. నవ్వడం ఆపి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.

క్లచ్ లివర్ వచ్చేదాకా వదిన ఉండిపోయింది. రెండూ బిగించి బండి ఇంటికి తెచ్చాక, తాయెత్తు తీసి పసుపు దారంతో బ్రేక్ లివర్ మొదట్లో కట్టింది. "ఏ లివరైతేంది మరిదీ, పోరి పానం దాని మీదనే ఉన్నది గద" అంది. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు కాస్త నిద్ర పట్టింది.

ఆదివారం నాడు దారి అలవాటవుతుందని అమ్మాయి వికారాబాద్ దాకా పోయొస్తానంది. నేను వెనక కూచున్నాను. ధారూర్ దాకా చదును రోడ్డే, బాగా నడిపింది. నేనే సుఖంగా కూర్చోలేదు. ఎదురుగా లారీ వస్తే లేని బ్రేకును కాలితో తొక్కుతూ, "లారీ, లారీ" అంటూ పోయాను. "నాకు కనవడ్తున్నది నాయినా" అని ప్రతిసారీ జవాబిచ్చింది. గుట్ట ఎక్కాం, ఊళ్లోకి పోయి ఆసుపత్రి చూశాం, చాయ్ తాగాం, వెనక్కి తిరిగాం.

గుట్ట దిగేటప్పుడు రెండు వైపులా అడవి, ఒకదాని వెంట ఒకటి మలుపులు. వెనక లారీ ఒకటి వస్తోంది. దాని ఇంజిన్ చప్పుడును బట్టి నిండు లోడు మీద ఉందని తెలిసింది. అంత బరువు దిగుడులో ఎక్కడ ఆగుతుందో నడిపేవాడికే నమ్మకం ఉండదు. నేను అమ్మాయి భుజం పట్టుకున్నాను.

"నాయినా, బండి గుంజుతలేదు" అంది. ఎక్సిలేటర్ ఇస్తోంది, బండి మాత్రం నెమ్మదిస్తోంది. ఏదో కాలిన వాసన. లారీ హారన్ నా వీపు మీదే మోగినట్టయింది. "పక్కకు దియ్యి, పక్కకు దియ్యి" అని అరిచాను. ఆమె అప్పటికే పక్కకు దించుతోంది. లారీ మమ్మల్ని రాసుకున్నట్టే పోయింది. డ్రైవర్ తల బయటపెట్టి, "ఎనక లైట్ ఆర్తనే లేదు, ఆగుతవో పోతవో ఎట్ల తెల్వాలె" అని తిట్టి పోయాడు.

బండి దిగాను.  నెడితే ముందు చక్రం కదల్లేదు, డిస్క్ దగ్గర చెయ్యి పెడితే సెగ కొట్టింది. లివర్ మోసం చేసిందనుకున్నాను. పేరు తెలియని కంపెనీది కొని నా చేతులారా బిడ్డను చంపుకునేవాణ్ణి అనుకున్నాను. ఇంకొక్క మలుపు దాకా పోయి ఉంటే, అనే మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది.

అమ్మాయి గొంతు కూచుని లివర్ మొదట్లోకి చూసింది. జడలోంచి పిన్ను తీసి లోపల పెట్టి కెలికింది. తాయెత్తు బయటికి వచ్చింది. బ్రేక్ లాగినప్పుడల్లా తెరుచుకునే సందులోకి అది జారి ఇరుక్కుంది. దాంతో లివర్ పూర్తిగా వెనక్కి పోక, బ్రేక్ పట్టినది పట్టినట్టే ఉంది. తాయెత్తు తియ్యగానే లివర్ టక్కుమని వెనక్కి పోయింది, చక్రం కదిలింది. దారం విప్పి, తాయెత్తును జేబులో వేసుకుని, "పెద్దమ్మకు జెప్పకు నాయినా" అంది.

"బండి ఈడనే పెడ్దాం బిడ్డా. బస్సుల పోదాం."

"ఎందుకు? లివర్ మంచిగనే ఉన్నది గద."

"గట్లయితే నేను నడుపుత."

తాళం చెవి ఇచ్చింది. ఎక్కి కూచున్నాను. క్లచ్ ఆమె వేళ్లకు తగ్గట్టు దగ్గరికి జరిపి ఉంది, నా వేళ్లు ఇరుకుపడ్డాయి. క్లచ్ ఒక్కసారిగా వదిలేశాను. బండి ఎగిరి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాను, మళ్లీ అంతే. ఇన్నేళ్లు నిండు లోడుతో ఇదే గుట్ట దించిన చేతులు. దిగి నిలబడ్డాను.

ఆమె వచ్చి హ్యాండిల్ పట్టుకుంది. "ఒక మాట అంటె ఫీలైతవా నాయినా?"

"అను."

"నువ్వు బస్సుల రా. నువ్వు ఎనక కూసుంటె నాకు భయమైతున్నది. మలుపు మలుపుకు భుజం పిసుకుతున్నవ్. నేను రోడ్డు చూడాల్నా, నిన్ను చూడాల్నా?"

కోపంగా అనలేదు. చాలాసేపటి నుంచి ఎలా చెప్పాలా అని ఆలోచించుకుని చెప్పినట్టు చెప్పింది. చెబుతూ కుడి భుజాన్ని ఎడమ చేత్తో రుద్దుకుంది. నేనక్కడ అంత గట్టిగా పట్టుకున్నానని నాకే తెలియదు. సిగ్గేసింది. సరేనన్నాను.

డిస్క్ చల్లారేదాకా ఇద్దరం రోడ్డు పక్కన కూచున్నాం. తాండూరు బస్సు వస్తుంటే చెయ్యెత్తాను, ఆగింది. నేనెక్కి కిటికీ పక్కన కూచునేలోపే ఆమె బండి తీసి ముందుకు పోయింది. మొదటి మలుపు దాకా కనిపించింది. మలుపు దగ్గర వేగం తగ్గించి, ఒద్దికగా పక్కకు వంగి, చెట్ల వెనక్కి పోయింది.

అప్పుడే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది.

"యాడిదాక వచ్చిన్రు?" అంది మా ఇంటావిడ.

"గుట్ట దిగుతున్నం."

"బిడ్డ ఎనుకనే ఉన్నవ్ గద?"

"ఎనుకనే ఉన్న."

"గట్టిగ పట్టుకొని కూసో" అంది.

సరేనన్నాను. ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాను. బస్సు మలుపు తిరిగింది. కింద ధారూర్ వైపు రోడ్డు చాలా దూరం కనిపిస్తోంది. దాని మీద మా బండి లేదు. దాటిపోయి ఉంటుందనుకుని, కమ్మీని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.