అండమాన్‌లో రెండు దినాల వాన

బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్‌లో చాలామందిమి రోజూ పొద్దున్నే రైలెక్కి బెంగళూరు ఉద్యోగాలకు పోయేవాళ్ళం. రైల్లో నా పక్కన కూర్చునే స్నేహితురాలు ఒకనాడు, జూన్‌లో తన పెళ్ళికి ఇరవై ఐదేళ్ళు నిండుతాయనీ, భర్తతో అండమాన్ పోతున్నాననీ చెప్పింది.

"అక్కా, యాడ దిగాల, ఏమేమి చూడాల, అంతా నువ్వే రాసియ్యి. నీకు కంప్యూటర్ తెలుసు గదా" అంది.

మా ఆయన నన్ను మా ఊరి దగ్గరి ఆవని గుడి దాటి ఎక్కడికీ తీసుకుపోలేదు. కడుపు మండింది. అయినా నవ్వుతూ ఒప్పుకున్నాను. నేనే పోతున్నట్టు దీవులూ, పడవలూ, బసా ఏరి ఏరి రాశాను. జూన్‌లో అక్కడ వానలు వదలవని చదివాను. ఆ ఒక్క మాటా రాయలేదు.

తిరిగొచ్చి మళ్ళీ రైలెక్కిన రోజు ఆమె మొహం వెలిగిపోతోంది.

"వానకు పడవలు నిలిపేసినారక్కా. రెండు దినాలు రూములోనే ఉండినాము. ఫోను సిగ్నలు గూడా లేదు. ఇంగ ఆయప్ప కిటికీ కాడ కూర్చోని నాతో ఒకటే మాటలు. పెండ్లైనప్పట్నించి అన్ని మాటలు మాట్లాడినోడు కాదు."

ఉండబట్టలేక చెప్పేశాను. "వానలు పడతాయని నాకు ముందే తెలుసు. కావాలనే నీకు చెప్పలేదు."

"మంచిదే అయింది లేక్కా. చెప్పింటే మేము పోయేవాళ్ళమే కాదు" అని ఆమె టిఫిన్ డబ్బా మూత తీసి నా వైపు జరిపింది.

ఇడ్లీ తిన్నానే గాని, ఆ కిటికీ పక్క మాటలు తలుచుకుని బెంగళూరు దాకా కుళ్ళుకుంటూనే ఉన్నాను.