గీత తొక్కకుండా

మా టెన్నిస్ సార్ పోయారు. నేను కోర్టులో పిల్లల చేత అడుగులు వేయిస్తుండగా వాళ్ళావిడ ఫోన్ చేశారు. "మీ సారు వెళ్ళిపోయారమ్మా" అన్నారు. పిల్లలు గెంతుతూనే ఉన్నారు.

విజయవాడలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరికైనా ముందు గుర్తొచ్చేది రాకెట్ కాదు, సుద్దముక్క. నేల మీద నిచ్చెనలా గళ్ళు గీసేవారు. గీత తొక్కకుండా గడిగడిలో కాళ్ళు పెట్టి తీస్తూ పోవాలి, పోతూనే ఆయన విసిరే బంతిని ఒంటిచేత్తో పట్టుకోవాలి. వారాల తరబడి ఇదే పని. మా అమ్మ ఉండబట్టలేక అడిగేసింది: "ఫీజు కట్టింది తొక్కుడుబిళ్ళ ఆడించడానికా అండీ?"

సార్ నవ్వేశారు. "ముందు కాళ్ళు రానివ్వండమ్మా. రాకెట్ ఎక్కడికి పోద్ది!"

నిలబడిపోతే మాత్రం ఊరుకునేవారు కాదు. "బంతేమన్నా చుట్టమా, ఇంటికొచ్చి తలుపు కొట్టడానికి? నువ్వే ఎదురెళ్ళు!" ఆ అరుపు బెంజ్ సర్కిల్ దాకా వినబడుతుందని ఏడిపించేవాళ్ళం. ఇవాళ నేను నలుగురు పిల్లలకి ఆట నేర్పుతున్నానంటే ఆ అరుపుల చలవే.

అలాంటి మనిషికి పార్కిన్సన్స్ వచ్చింది. అడుగు వేయబోతే కాళ్ళు నేలకి అతుక్కుపోయేవి. నేల మీద గీతలుంటే అడుగు పడొచ్చని డాక్టరుగారు చెప్పారట. నేనే వెళ్ళి హాల్లోంచి వీధి గడప దాకా గళ్ళు గీశాను. "నా మందు నాకే పోస్తున్నావా?" అంటూనే నా చెయ్యి పట్టుకుని నడిచారు. ఎంత సంబరపడ్డానో! "ఒక్కసారి కోర్టుకి తీసుకెళ్ళమ్మా, పిల్లల్ని చూసొస్తాను" అన్నారు. సరేనన్నాను.

కారు తీసుకెళ్ళిన రోజున గడప దగ్గర ఆగిపోయారు. చప్పట్లు కొట్టాను. బతిమాలాను. చివరికి ఆయనలాగే "ఎదురెళ్ళండి సార్!" అని అరిచాను.

"వెళ్ళాలనే ఉందమ్మా. కాలు వినట్లేదు" అన్నారు, తప్పు చేసిన పిల్లాడిలా.

ఆయన నేర్పిందంతా అయిపోయింది. నాకింకేమీ చేతకాలేదు. మోచెయ్యి పట్టుకుని పక్కన నిలబడ్డాను, అంతే. ఆ తర్వాత ఆయన మంచం దిగలేదు. కోర్టూ చూడలేదు.

మొన్న ఆ ఫోన్ వచ్చాక వెళ్ళేసరికి హాల్లో గళ్ళు అలాగే ఉన్నాయి. పనమ్మాయిని అక్కడ తడిగుడ్డ పెట్టనివ్వలేదట సార్ వాళ్ళావిడ. సార్‌ని బయటికి ఎత్తుకొచ్చినవాళ్ళంతా ఒకప్పుడు ఆయన దగ్గర గెంతినవాళ్ళే. ఇప్పుడు పొట్టలొచ్చి, జుట్టు పల్చబడిన మనుషులు. ఏడుస్తూ, కిందకి చూసుకుంటూ, గడిగడిలో అడుగేస్తూ వచ్చారు. ఒక్కరూ గీత తొక్కలేదు.

గడప వచ్చింది. వాళ్ళు ఆగకుండా ఆయన్ని దాటించారు.