తిరగేసిన బొమ్మలు

పోయిన నెల బెంగళూరులో మా మనవరాలు చదువుతున్న బొమ్మల పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, మనకు అలవాటైన పద్ధతిలో అట్ట తెరిచాను. అది చివరి పేజీ తాతా, జపాను పద్ధతి, కుడి నుంచి చదవాలి అంటూ ఆ పిల్ల నవ్వి పుస్తకం తిప్పి ఇచ్చింది. గీసింది మాత్రం జపాను మనిషి కాదు, ఫ్రెంచి ఆవిడ. లోపలి అట్ట మీద ఫొటో ఉంది. జుట్టు నెరిసింది, కళ్లద్దాలు వచ్చాయి, అయినా తల కాస్త పక్కకు వంచి చూసే ఆ చూపును నేను గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను? ఫొటో కింద ఆమె జీవితమంతా నాలుగు ముక్కల్లో రాశారు. టోక్యోలో ఒక పెద్ద చిత్రకారుడి దగ్గర చాకిరీ చేసిందట, తర్వాత సొంత దేశంలో పేరు, బహుమతులు, వరసగా పుస్తకాలు. ఆ వరసలో మా అనంతపురం లేదు. ఎందుకు లేదో ఈ దేశంలో తెలిసినవాణ్ని బహుశా నేనొక్కణ్నే.

అప్పట్లో నేను అనంతపురంలో ఒక చిన్న మాసపత్రికకు ఉపసంపాదకుణ్ని. కరువును బొమ్మల కథగా గీస్తానని ఆ అమ్మాయి వచ్చినప్పుడు, ఇంగ్లీషు వచ్చునన్న కారణంతో ఆమెను నాకు అప్పగించారు. తన దేశంలో ప్రచురణకర్తలు ఈ జపాను గీత నీకెందుకు, మనవాళ్లలాగా గీయి అన్నారట. జపానులో చూపిస్తే చేయి బాగుందిగానీ ఇది మాది కాదు అన్నారట. అప్పటికి ఆమె గీసింది ఒక్క పేజీ కూడా అచ్చుకాలేదు. ఎవరి కథ గీస్తానో వాళ్లు చూసి ఇది మాదే అంటే చాలు, ఇక ఎవరేమన్నా పట్టించుకోను అనేది. ఎవరేం అడిగినా మాటకు ముందు 'తెలీదు', మాటకు వెనక 'తెలీదు' అనేది. మన భాషలో ఆమెకు పట్టుబడ్డ మొదటి మాట అదే.

తనకల్లు దగ్గరి ఒక పల్లెలో, నాకు వరసకు పెద్దమ్మ అయ్యే ఆమె ఇంట్లో దించాను. మా వైపు వేరుశనగ విత్తే రోజున మొదటి పిడికెడు విత్తనం చేయి మంచిదని పేరున్న మనిషి చేత వేయిస్తారు. ఆ ఊరికంతా మా పెద్దమ్మ చేయే మంచిది. తొలకరి పడిందంటే ఏ ఇంటివాళ్లయినా తెల్లారకముందే వచ్చి, రాక్కా, నీ చేత్తో ఇడిసిపో అని పిలుచుకుపోయేవాళ్లు. ఫ్రెంచి అమ్మాయి ఆ చేతినే కథ చేసింది. చేల గట్ల మీద కూర్చుని, పెద్దమ్మ చీరకు వేసిన కుట్టు, చట్టి అంచున పోయిన పెచ్చు, కుక్కకు తెగిన చెవి కూడా వదలకుండా గీసింది.

ఆ కథను మా పత్రిక వేయడానికి ఒప్పుకుంది. తన పేజీలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయని, అలాగే వేసి, వెనకనుంచి చదవండని ఒక మాట రాయమని ఆమె నన్ను మరీమరీ అడిగింది. మా ప్రెస్సులో బైండింగు చేసే సాయిబు దానికి ఆశ్చర్యపోనైనా పోలేదు.

"దాంట్లో ఏముందన్నా? మా ఉర్దూ కితాబులు కుడి నుంచే కదా తెరిసేది. అట్లే కుట్టేస్తా, సదివేటోళ్లు సదువుకుంటారు" అన్నాడు.

నేను వినలేదు. నా పాఠకుల సంగతి నాకు తెలుసు, పుస్తకం తప్పుగా కుట్టారని తిడతారు అని, ఆమె ఊళ్లో లేని సమయం చూసి, పేజీలు ఎడమ నుంచి నడిచేలా, అద్దంలో బొమ్మల్లాగా ఫిల్ములన్నీ తిరగేయించాను. ఖాళీగా ఉన్న మాటల బుడగల్లో తెలుగు మామూలుగానే అతికించాం కాబట్టి ఎక్కడా తేడా కనిపించలేదు. కుడిచేతులు ఎడమచేతులైపోతాయన్న ఆలోచనే నాకు రాలేదు.

సంచిక వచ్చేసరికి వాన ముఖం చాటేసి చేలు ఎండుతున్నాయి. కాపీలు తీసుకుని ఇద్దరం పల్లెకు పోయాం. మొదట అందరూ చీరను, చట్టిని, కుక్కను గుర్తుపట్టి కేరింతలు కొట్టారు. తర్వాత పెద్దమ్మ ఒక పేజీ దగ్గర ఆగిపోయింది.

"ఏమప్పా, నేను ఎడమచేత్తో ఇత్తనం ఇడిసినానా? నీకు కూడు ఎడమచేత్తో పెట్టినానా పాపా?"

ఫ్రెంచి అమ్మాయి ఆ పేజీ చూసి, వెంటనే నావైపు చూసింది. ఆమెకు అర్థమైపోయింది. బొమ్మలు తిరగేసి అచ్చు వేశారని వీళ్లకు చెప్పు అని ఇంగ్లీషులో అడిగింది. అంతమంది ముందు నా తెలివితక్కువతనం ఒప్పుకోలేక నేను చెప్పింది వేరు: పరదేశం పిల్ల, మన ఆచారాలు తెలీదు, ఏ చేయైతేనేమని గీసేసింది, మన్నించండి అని.

ఆ అబద్ధం అక్కడితో ఆగలేదు. వెనక నిలబడ్డ ఒకామె అననే అనింది: "ఏ చేయి మంచిదో తెలీని పిల్ల కల్పించి గీస్తాదా? కంట్లో పడిందే గీసింటాది. అందుకే గదా ఈ యేడు వాన రాలే!"

నా మాటల్లో ఫ్రెంచి అమ్మాయికి ఒక్క మాట తెలుసు. తెలీదు అన్న ఆ మాట విని, నేనేం చెప్పి ఉంటానో గ్రహించింది. పెద్దమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఈ చేయే అన్నట్టు తన కుడిచేతిని ఎత్తి చూపించింది. మర్నాడు ఆమెను గుంతకల్లులో రైలెక్కించాను. తర్వాతి భాగాలు రాలేదు, ఆ పుస్తకం ఏ భాషలోనూ రాలేదు.

బెంగళూరు నుంచి తిరిగి వచ్చాక ఇంక ఉండబట్టలేక ఆ పల్లెకు పోయాను. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. వాళ్లబ్బాయి బోరు దగ్గర కరెంటు కోసం కాచుకుని ఉన్నాడు. జరిగినదంతా చెప్పాను. తిడతాడనుకున్నాను.

"ఆ యేటి నుంచి మాయమ్మను యా చేనికీ పిలవలేదన్నా. ఎడమచేతామె అనేటోళ్లు. మాయమ్మ మాత్రం, నా చెయ్యి సూడకుండానే తినిపోయిందే ఆ పిల్ల, అని సచ్చేదాకా అనుకుంటా ఉన్నింది. ఇప్పుడొచ్చి చెప్తే ఎవరికప్పా?" అన్నాడు. అంతలో కరెంటు వచ్చింది, మోటారు వేయడానికి లేచిపోయాడు.

తిరిగి వస్తూ చూశాను. సగం చేలల్లో సోలారు పలకలు పరిచారు, మిగిలిన వాటిలో విత్తనం ట్రాక్టరే వేస్తుంది. ఎవరి చేయి మంచిదని అడిగేవాళ్లు ఇప్పుడు ఆ ఊళ్లో లేరు. ఆ నమ్మకమేదో అప్పటికే పోయి ఉంటే పెద్దమ్మకు అంత బాధ ఉండేది కాదు కదా అని నాకు నేను చెప్పుకోబోయాను. అప్పుడు నా తప్పును ఆ పిల్ల మీదికి తోసినట్టే ఇప్పుడు ఊరి మీదికి తోస్తున్నానని తోచి, ఆ మాట లోపలే మింగేశాను.