కుళ్ళాయమ్మ బండి ఎగరని రోజు

హిందూపురం మార్కెట్టు యార్డుకు చింతపండు తెచ్చే వాళ్లందరికీ కుళ్ళాయమ్మ బండి తెలుసు. ముందర రెండు వరుసల సీట్లు, వెనక తొట్టి. సగం కారు, సగం లారీ. కొనేటప్పుడు ఊరంతా తలా ఒక సలహా ఇచ్చింది. కారు కొనమన్నవాళ్లు కొందరు, లోడు బండే మేలన్నవాళ్లు కొందరు.

"కారు కొంటే చింతపండు మూటలు నీ ఒళ్లో పెట్టుకుంటావా? లోడు బండి కొంటే నా బిడ్డ మూటల మీద కూర్చోవల్లనా?" అని అందరి నోళ్లూ మూయించి, రెండూ ఒకటిగా ఉన్న ఈ బండినే ఇంటికి తెచ్చుకుంది.

నడిపేది మొగుడు బాలప్ప. బండి మాత్రం ఆమెది. ఈ మాట బాలప్ప కూడా కాదనడు. కాదన్న రోజు అతనికి చల్లారిన సంగటే గతి. పొద్దున్నే బానెట్టు ఎత్తి, ఆయిలు కడ్డీ తీసి, పాత చీర పేలికకు తుడిచి, మళ్లీ ముంచి చూసేది ఆమె. టైర్లను పిడికిలితో గుద్ది గాలి ఎంతుందో చెప్పేది ఆమె. బెల్టు కీచుమంటే, "బండి మూలుగుతాండాది, నీకు వినపడలేదా? రంగప్ప దగ్గరికి తీస్కపో" అని మొగుణ్ణి తరిమేది ఆమె. మెకానిక్ రంగప్ప ఆమెను చూస్తే చేతిలో బీడీ పారేసి లేచి నిలబడతాడు. భక్తితో కాదు. పూసిన గ్రీజు కూడా వేలు పెట్టి చూస్తుందని.

అంత మంచి బండికి ఒకటే గుణం. బరువుకు తట్టుకోవాలని వెనక చక్రాల మీది స్ప్రింగులకు, అంటే కమాన్ కట్టలకు, ఇనుప పట్టీలు ఎక్కువ వేయించారు. తొట్టి నిండా మూటలుంటే ఊయల మాదిరి పోతుంది. ఖాళీగా ఉంటే గులకరాయి తగిలినా ఎగిరి దూకుతుంది.

ఆ దూకుడు వియ్యపురాలు పుష్ప ఒకసారి రుచి చూసింది. ధర్మవరంలో పట్టుచీరలు నేయించి అమ్మే ఇల్లు వాళ్లది. కుళ్ళాయమ్మ కూతురు సౌమ్య పుట్టింటికి కాన్పుకు వచ్చి ఆడపిల్లను కన్నది. పాపకు పేరు పెట్టే రోజు పుష్ప బస్సు దిగితే, బాలప్ప మర్యాదగా ఖాళీ బండి తీసుకుపోయి ఎక్కించుకొచ్చాడు. ఇల్లు చేరేలోపల ఆమె తలలోని పూలు ఒళ్లోకి, ఒళ్లోని వక్కాకు తలలోకి చేరాయి.

పాపకు ఐదో నెల వచ్చింది. సారె పెట్టి తల్లీబిడ్డను అత్తింటికి పంపాలి. పుష్ప ఫోన్ చేసింది.

"వదినా, బాడుగ కారు మాట్లాడుకోని నేనే వస్తా. ఏసీ కారు. మీ మూటల బండిలో నా మనవరాలిని ఎక్కించేది లేదు."

"మూటల బండా? మీ కోడలు పెండ్లికూతురై మీ ఊరికి వచ్చింది ఆ బండిలోనే కదమ్మా! అప్పుడు కాలేదా మూటల బండి?"

"అప్పుడు నేను ఎక్కలేదు కదా!"

కుళ్ళాయమ్మకు ఒళ్లు మండింది. వాకిట్లో సొంత బండి పెట్టుకుని, మొదటి మనవరాలిని ఎవడి కారులోనో సాగనంపడమా? అంతకంటే ఆ బండిని పాత ఇనుముకు వేయడం నయం.

"నువ్వు బస్సులో రా వదినా. వచ్చి మా బండెక్కు. పెనుకొండ దాకా పోదాం. ఆలోపల ఒక్కసారి ఎగిరిందంటే, నీ ఏసీ కారును ఆడికే పిలిపించుకో. నేను నోరెత్తను."

"నువ్వు నోరెత్తకుండా ఉంటావా? అది చూసేదానికైనా వస్తా," అంది పుష్ప.

పందెం అయితే వేసింది. బాలప్పకు దిగులు పట్టుకుంది. "పట్టీలు తీయిస్తామా?" అన్నాడు.

"చింతపండు సీజను నెత్తిన పెట్టుకోని పట్టీలు తీస్తాడంట! దానికి కావాల్సింది బరువు. బరువు పెడదాం పట్టు."

మొదట రాగుల మూటలు ఎక్కించింది. నిండా మజ్జిగ పోసిన గ్లాసు చేతబట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. "పోనీ," అంది. వీధి చివర మిట్ట దాటేసరికి సగం మజ్జిగ చీర మీదుంది. దిగి, శనక్కాయల మూటలు ఎక్కించింది. మళ్లీ మిట్ట, మళ్లీ మజ్జిగ. ఈసారి చీర అంచు మాత్రమే తడిసింది. బెల్లం, చింతపండు కూడా ఎక్కాయి. వీధి అరుగుల మీద ఆడవాళ్లంతా చేరారు.

"సారె అంటే చీర, గాజులు, లడ్లు," అన్నాడు బాలప్ప చెమట తుడుచుకుంటూ. "ఇది సారెనా, సంతనా?"

"గమ్మునుండి పోనీ."

ఈసారి బండి మిట్ట ఎక్కి దిగింది. గ్లాసులో మజ్జిగ అంచుదాకా వచ్చి, తొంగిచూసి, వెనక్కి పోయింది. కుళ్ళాయమ్మ ఆ గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది.

పుష్ప రానే వచ్చింది. తలలో పూలు పెట్టుకోలేదు. వక్కాకు సంచి కొంగున గట్టిగా ముడేసుకుంది. బాలప్ప పక్కన కూర్చుని, పైన పట్టుకునే పిడిని రెండు చేతులా పట్టుకుంది. వెనక సీట్లో సౌమ్య, ఒళ్లో పాప, పక్కన కుళ్ళాయమ్మ.

"అన్నా, మెల్లగా," అంది పుష్ప.

"మెల్లగానే లేమ్మా. ఇంత బరువుతో బిరీన పొమ్మన్నా పోదు," అన్నాడు బాలప్ప.

హిందూపురం దాటారు. మొదటి స్పీడు బ్రేకరు కనబడగానే పుష్ప కళ్లు గట్టిగా మూసుకుంది. బండి బర్రెగొడ్డు చెరువులోకి దిగినట్టు మెత్తగా దిగింది. ఆమె ఒక కన్ను తెరిచింది. రెండో బ్రేకరు దగ్గర ఒక చేయి వదిలేసింది. మూడోది దాటాక రెండో చేయీ ఒళ్లోకి వచ్చింది. ఇంజను ఒకే రాగం తీస్తోంది, కిటికీలో గాలి చల్లగా తగులుతోంది. ఆమె తల ఒక పక్కకు ఒరిగింది. కాసేపటికి, రాగుల మర ఆడినట్టు గురక మొదలైంది.

సౌమ్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది. నిద్రపోవాల్సిన పాప మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని నాయనమ్మ గురకే వింటోంది. కుళ్ళాయమ్మ సెల్లు బయటికి తీసింది.

"వద్దమ్మా! ఫొటో తీస్తే నేను ఆ ఇంట్లో ఎట్లా ఉండేది?"

"సరే తల్లీ. దాచి పెట్టుకుందామనుకుంటి, అంతే."

పెనుకొండ వచ్చింది. పోయింది. ఎవరూ ఆమెను లేపలేదు. ధర్మవరంలో వాళ్ల వాకిట్లోనే ఇంజను ఆగాక పుష్ప ఉలిక్కిపడి లేచింది.

"ఆపినారేమి? పెనుకొండ వచ్చిందా?"

"మీ వాకిలి వచ్చింది వదినా," అంది కుళ్ళాయమ్మ. పందెం గెలిచానని ఎత్తిపొడవకుండా ఉండడానికి ఆమె పడిన కష్టం ఆ దేవుడికే తెలియాలి.

"నిద్ర కాదులే. కండ్లు మూసుకున్యా, అంతే."

అల్లుడు శివకృష్ణ ముందు పాపను ఎత్తుకున్నాడు, తర్వాత మూటలు చూసి నోరు తెరిచాడు. మగ్గం ఒక పక్కంతా ఆక్రమించిన ఇంట్లో మూటలు గోడ మాదిరి నిలబడ్డాయి.

"ఇంత ఏం చేసుకోవల్ల వదినా?" అంది పుష్ప.

"తినండి. రోజూ సంగటి తింటే నడుములు గట్టిపడతాయి. మీకు అవసరం."

భోజనాలయ్యాయి. బయలుదేరేటప్పుడు పాప అవ్వ గాజులు పట్టుకుని వదల్లేదు. కుళ్ళాయమ్మ ఒక్కొక్క వేలే మెల్లగా విప్పింది. తన మొహం ఎవరికీ కనబడకూడదని, "టైర్లు చూస్తా" అని బండి వెనక్కి పోయింది.

అక్కడ శివకృష్ణ, మగ్గం పనివాడు ధనుంజయ కలిసి తాడిపత్రి బండలు ఎక్కిస్తున్నారు. ఇల్లు కట్టినప్పుడు మిగిలి, పెరట్లో గోడకు ఆనించి ఉన్నవి. ఎక్కడ పెట్టాలో చేయి ఊపి చూపిస్తూ పుష్ప పక్కనే నిలబడి ఉంది.

"ఇదేమి వదినా? మేము రాగులు పెడితే నువ్వు రాళ్లు పెడతాండావే!"

"మీ వాకిట్లో బండి బురదలో నిలబడతాండాది, నేను చూసినా. దాని కింద పరిపించుకో." పుష్ప ఇంకెటో చూస్తూ చెప్పింది. "ఖాళీగా పోతే ఎగరేస్తాది కదా. పొద్దుగూకేలోపల నీ నడుము ఇరిగితే మళ్లా నా మనవరాలిని చూసేదానికి ఎవరు వస్తారు? ఈ బండిలోనే రా. పాపను మళ్లా ఈ బండిలోనే పిలుచుకుపో."

"అట్లే వదినా," అంది కుళ్ళాయమ్మ. బాలప్పకు గుర్తున్నంతవరకు ఆమె నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

బండలు గట్టిగానే ఉన్నాయి. బండి మెత్తగానే పోయింది. ఎండ వాలింది, రోడ్డు పక్క కంది చేలు వెనక్కి జారిపోతున్నాయి. ముందు సీట్లో కూర్చున్న కుళ్ళాయమ్మ ఆ బండలను ఎక్కడెక్కడ పరిపించాలో, ఎండాకాలం పాపను తెచ్చుకుంటే ఏం చేయాలో చెప్పుకుంటూ పోయింది. చెప్పి చెప్పి ఆగిపోయింది. బాలప్ప పక్కకు తిరిగి చూశాడు. తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

పెనుకొండ దాటాక ఒక బ్రేకరు దగ్గర ఆమె కదిలింది.

"ఏమే, నిద్రపోయినావా?" అన్నాడు బాలప్ప.

"నేనా? కండ్లు మూసుకున్యా, అంతే. నువ్వు రోడ్డు చూసి పోనీ."