ఊరకే కూర్చుంటే కదిలిన కారు

నా చిన్నప్పుడు, తొంభైల్లో, మా బాబాయికి ఒక పాత అంబాసిడర్ కారు ఉండేది. అది బాబాయి కంటే వయసులో పెద్దది కాబట్టి ఇంట్లో అందరం దానికి మర్యాద ఇచ్చేవాళ్ళం. అది మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు.

ఒక ఎండాకాలం పొద్దున పిన్నికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందనీ, ఉదయగిరిలో కుదరదనీ, ఆత్మకూరుకు తీసుకుపోవడం ఆలస్యమైతే బిడ్డ దక్కదనీ నర్సమ్మ మా అవ్వ చెవిలో చెప్పింది. అవ్వకు చెవుడు కాబట్టి ఆ రహస్యం వీధంతా విన్నది.

బాబాయి నడుపుతుంటే పక్కన పిన్ని వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, వెనక పిన్ని, అవ్వ, నేను. పిన్ని నా చెయ్యి వదలకపోవడంతో నన్నూ ఎక్కించారు. అది ప్రేమో, పిసకడానికి ఏదో ఒకటి దొరకడమో నాకిప్పటికీ తెలియదు.

ఉదయగిరి కొండ వెనక అద్దంలోంచి ఇంకా పోకముందే కారు దగ్గి, రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. బాబాయి పెట్రోలు పైపు ఊడదీసి, నోటితో పీల్చి, ఉమ్మేసి, ఊదాడు. స్టార్టయింది. పైపులో చెత్త అన్నాడు. కొంతదూరం పోయి మళ్ళీ ఆగింది. ఎండకు పెట్రోలు ఆవిరవుతోందని తాతయ్య తన తువ్వాలు తడిపి ఇంజను పక్కనున్న పెట్రోలు పంపు మీద కప్పించాడు. స్టార్టయింది. తాతయ్య మీసం సర్దుకున్నాడు. మూడోసారి ఆగినప్పుడు అవ్వ కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థన చేసింది. దానికీ స్టార్టయింది.

ముగ్గురు డాక్టర్లు, ముగ్గురి మందూ పనిచేస్తోంది, రోగం మాత్రం తగ్గడం లేదని పిన్ని చెవిలో అన్నాను. నా జోకులకు ఎప్పుడూ నవ్వే పిన్ని నవ్వలేదు.

"నవ్వించబాకరా. ఇందాకట్నించీ లోపల కదల్డం లేదు," అంది.

అప్పుడే కారు మళ్ళీ ఆగింది.

తాతయ్య తువ్వాలు తీశాడు. అవ్వ కళ్ళు మూసుకుంది. బాబాయి మాత్రం స్టీరింగు వదల్లేదు.

"ఈసారి ఎవురూ ఏమీ చెయ్యబాకండి. నేను కూడా చెయ్యను."

"పిల్ల అల్లాడిపోతా ఉంటే ఊరకే కూసుంటావా అబ్బాయా?"

"తలా ఒకటి చేసినాం మామా. దేనికి కదిలిందో తెలీలా. ఏమీ చెయ్యకుండా కదిలితే, మనం చేసినవేవీ కావని తెలుస్తాది గదా."

పిన్ని పళ్ళ బిగువున మూలుగుతోంది. బాబాయి చేతి గడియారం చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి తాళం తిప్పాడు. స్టార్టయింది.

బాబాయి సంతోషించలేదు. ఇంజను ఆపకుండానే దిగి, నా వైపు ఉన్న పెట్రోలు ట్యాంకు దగ్గరికి వచ్చి మూత తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి పోయింది. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ దాని చోట్లోకి గాలి రావాలి. అందుకే ఆ మూతకు సన్నటి బెజ్జం ఉంటుంది. గాలి అందకపోతే పంపు ఎంత పీల్చినా పెట్రోలు రాదు. కారు ఆగి ఉన్నంతసేపూ ఎక్కడో సందులోంచి కాస్త గాలి దూరేది, మేమేమో మా వైద్యం ఫలించిందనుకునేవాళ్ళం.

బెజ్జంలో నీలం రంగు బట్టల సబ్బు కూరి ఉంది. దాని మీద బొటనవేలి ముద్ర.

మా వైపు ట్యాంకు కారితే లారీవాళ్ళు సబ్బే పెడతారు. ఎప్పుడో అది చూసిన అవ్వ, పెట్రోలు వాసనకు పిన్నికి వాంతులవుతాయని, పొద్దున్నే ఆ బెజ్జాన్ని మూసేసింది. ఇప్పుడు బాబాయి వేళ్ళ మధ్య ఉన్న సబ్బును చూసి, తన బొటనవేలిని చీర కొంగుకు తుడుచుకుంటోంది.

"ఏందది? ఎవురు చేసిన పని?" తాతయ్య గర్జించాడు.

"దుమ్ము మామా," అని బాబాయి ఆ సబ్బును చొక్కా జేబులో వేసుకున్నాడు.

నా నాలుక చివర ఒక జోకు సిద్ధంగా ఉంది. బాబాయి నావైపు చూశాడు. మింగేశాను.

ఆత్మకూరు దాకా కారు ఎక్కడా ఆగలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆపరేషన్ చేసి ఆడపిల్లను బయటికి తీసింది. ఆ పిల్ల ఏడుపు అవ్వకు కూడా వినబడింది.

మర్నాడు బాబాయి చొక్కా ఉతికింది అవ్వే. జేబులోని ముక్క తీసి చూసి, దాంతోనే ఉతికి ఆరేసింది.

ఇప్పటికీ ఏదైనా మొరాయించి అందరూ తలా ఒక చెయ్యి వేస్తుంటే, కాసేపు చేతులు తీసి చూద్దామంటాను. బద్ధకం అంటారు. పోనీ. ఆ రోజు మింగిన జోకు కూడా నా దగ్గరే ఉంది. మంచి జోకే. ప్రేమతో పని చెడగొట్టి, వేలు తుడుచుకుంటున్న వాళ్ళెవరైనా ఎదురైనప్పుడల్లా అది నోటిదాకా వస్తుంది. మళ్ళీ మింగుతాను.